బరువు తగ్గే ఆపరేషన్: ఊ కొట్టే ముందు ఒక నెల బతికి చూడండి

నేను సర్జన్‌ని కాను. విజయవాడలో ఒక సర్జరీ విభాగంలో డైటీషియన్‌ని. ఆపరేషన్ థియేటర్ తలుపు నాకు బయటినుంచే తెలుసు. ఆ తలుపు దాటి వచ్చినవాళ్ళ మొదటి గుక్క నీళ్ళ నుంచి మూడో ఏడు పెళ్ళిభోజనం దాకా చూసే పని నాది. అందుకే నా దగ్గరికొచ్చి "ఎన్ని కిలోలు తగ్గుతాను మేడమ్?" అని అడిగేవాళ్ళకి నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "ఈరోజు మధ్యాహ్నం ఎంతసేపట్లో తిన్నారు?" చాలామంది నవ్వేస్తారు. కొందరు అయిదు నిమిషాలంటారు. ఆపరేషన్ గంటా రెండు గంటల్లో అయిపోతుంది. ఆ తర్వాత అన్నం ముందు కూర్చునే ప్రతి పూటా అరగంట పడుతుంది, జీవితాంతం. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఈ రెండోదాన్ని చూసి తేల్చుకోవాలి.

ముందు ఒక అపోహ వదిలించుకోండి

ఇది కొవ్వు తీసేసే ఆపరేషన్ కాదు. పొట్ట మీద కొవ్వు పీల్చేసేది లైపోసక్షన్, అది అందం కోసం. బేరియాట్రిక్ సర్జరీలో కొవ్వు జోలికి పోరు. జీర్ణాశయం సైజునో, అన్నం వెళ్ళే దారినో, రెంటినీనో మారుస్తారు. దానితో ఆకలి, కడుపు నిండిన భావన, షుగర్ అదుపు, వీటిని నడిపే హార్మోన్లు కూడా మారతాయి. 1966లో అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో ఎడ్వర్డ్ మేసన్ గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి చూస్తే అరవై ఏళ్ళ చరిత్ర ఉన్న వైద్యం ఇది. నిన్నా మొన్నా పుట్టిన ఫ్యాషన్ కాదు. "తినడం తగ్గించుకోలేక కోయించుకుంది" అనే చుట్టాలకి ఈ ముక్క చెప్పండి, వింటే.

మీకు అవసరమా: లెక్క చూసుకోండి

బరువుని కిలోల్లో రాసి, ఎత్తుని మీటర్లలో రాసి దాన్ని దానితోనే గుణించి, బరువుని ఆ వచ్చినదానితో భాగించండి. అదే బీఎంఐ. అయిదడుగుల రెండంగుళాల ఆవిడ 92 కిలోలుంటే సుమారు 37 వస్తుంది.

ఆసియావాళ్ళకి తక్కువ బరువులోనే షుగరు, బీపీ, ఫ్యాటీ లివర్ పట్టుకుంటాయి. అందుకని మన ఆసుపత్రుల్లో చాలా ఏళ్ళుగా వాడుతున్న లెక్క ఇది: జబ్బులేమీ లేకపోయినా 37.5 దాటితే, షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగిపోవడం లాంటివి ఉంటే 32.5 దాటితే ఆపరేషన్ గురించి మాట్లాడొచ్చు. 2022లో అమెరికాలోని బేరియాట్రిక్ సర్జన్ల సంఘం, ఇదే సర్జరీకి ఉన్న అంతర్జాతీయ సమాఖ్య కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకా కిందికి దిగాయి: జబ్బులున్నా లేకున్నా 35, ఆసియావాళ్ళకైతే 27.5 నుంచే. నా వరకు నేను 27.5 దగ్గరున్నవాళ్ళని ఆపరేషన్ వైపు తోయను. అంకె ఒప్పుకున్నంత మాత్రాన అవసరం ఉన్నట్టు కాదు.

థైరాయిడ్ అదుపులో లేకపోవడం, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు, స్టిరాయిడ్ మాత్రలు, కొన్ని మానసిక మందులు కూడా బరువు పెంచుతాయి. ముందు అవి తేల్చుకోవాలి. మద్యం వదల్లేకపోతున్నవాళ్ళూ, డిప్రెషన్‌కి చికిత్స తీసుకోనివాళ్ళూ, రాత్రి పదకొండు దాటాక ఫ్రిజ్ తెరిచి ఆపుకోలేకుండా తినే అలవాటున్నవాళ్ళూ ముందు వాటికి వైద్యం చేయించుకోవాలి. కోత వీటిని నయం చేయదు.

ఇంజెక్షన్ల సంగతి

ఈ మధ్య ప్రతి పదిమందిలో ఏడెనిమిదిమంది బరువు తగ్గే సూదుల గురించే అడుగుతున్నారు. మౌంజారో, వెగోవీ 2025లో మన దేశంలో అధికారికంగా అమ్మకానికి వచ్చాయి. వారానికొక సూది. పరిశోధనల్లో వెగోవీతో సగటున ఒంటి బరువులో 15 శాతం దాకా, మౌంజారో పెద్ద డోసుతో 20 శాతం దాకా తగ్గింది. ఆపరేషన్‌తో ఏడాది, ఏడాదిన్నరలో 25 నుంచి 30 శాతం తగ్గడం మామూలు. సూది ఆపేస్తే పోయిన బరువులో చాలావరకు తిరిగొస్తుంది. ఆపరేషన్ తర్వాత కూడా కొన్నేళ్ళకి కొంత వెనక్కి వస్తుంది, కాకపోతే అంత కాదు.

బీఎంఐ 33, షుగర్ కొత్తగా వచ్చింది, నెలనెలా ఖర్చు భరించగలరు అంటే ముందు ఎండోక్రైనాలజిస్టుని కలిసి సూది సంగతి తేల్చుకోండి. బీఎంఐ 45, మోకాళ్ళు మెట్లెక్కనివ్వట్లేదు, రాత్రి కూర్చుని నిద్రపోతున్నారు అంటే సూదులతో కాలం గడపడం కంటే సర్జన్‌ని కలవడమే నయం. మధ్యలో ఉన్నవాళ్ళు ఇద్దర్నీ కలవండి.

ఏ ఆపరేషన్

స్లీవ్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయలాంటి గొట్టంగా మిగులుస్తారు. తీసినదాన్ని మళ్ళీ పెట్టలేరు. ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం దానితోపాటే పోతుంది. పేగుల జోలికి పోరు కాబట్టి విటమిన్ల కొరత కొంత తక్కువ. దీని లోపం గుండెమంట: లేనివాళ్ళకి రావచ్చు, ఉన్నవాళ్ళకి పెరగొచ్చు.

బైపాస్‌లో పైన 30 మి.లీ. పట్టే చిన్న సంచి చేసి దాన్ని చిన్నపేగుకి కలుపుతారు. పాత జీర్ణాశయం లోపలే ఉంటుంది, అన్నం మాత్రం దానిలోకి వెళ్ళదు. గుండెమంట ఎక్కువున్నవాళ్ళకీ, షుగర్ బాగా ముదిరినవాళ్ళకీ సర్జన్లు సాధారణంగా ఇటే మొగ్గుతారు. తీపి తింటే చెమట్లు, దడ, విరేచనం వచ్చే డంపింగ్ ఇందులో ఎక్కువ. పొగతాగితే, నొప్పి మాత్రలు మింగితే అతుకు దగ్గర పుండు పడుతుంది. మోకాళ్ళ నొప్పికి రోజూ డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకునే అలవాటుంటే ఈ సంగతి సర్జన్‌కి మీరే ముందు చెప్పాలి.

మినీ బైపాస్‌లో ఒకే అతుకు. మన దేశంలో బాగానే చేస్తున్నారు. షుగర్‌కి మంచి ఫలితం ఉంది, పైత్యరసం పైకి తన్నే ఇబ్బంది కొందరికి వస్తుంది. జీర్ణాశయం చుట్టూ బిగించే బ్యాండ్ వేయించుకోమని ఇప్పుడెవరైనా చెబితే ఇంకొకరిని అడగండి.

"పక్కింటావిడ స్లీవ్ చేయించుకుంది, నాకూ అదే" అనకండి. ముందు ఎండోస్కోపీ చేయించండి, హయాటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడం) ఉందేమో చూడనివ్వండి, తర్వాతే పేరు అనుకోండి.

సర్జన్‌ని అడగాల్సినవి

ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. మొహమాటపడకండి, మీ పొట్ట అది.

ఇప్పటిదాకా ఈ ఆపరేషన్ ఎన్ని చేశారు? మీ చేతిలో లీకులు (కుట్టిన చోటు నుంచి లోపలిది బయటికి కారడం) ఎన్ని వచ్చాయి, వస్తే ఏం చేశారు? రాత్రి రెండింటికి నాకు ఇబ్బంది వస్తే ఫోన్ ఎత్తేదెవరు? ఐసీయూ ఇక్కడే ఉందా? నా ఊరి నుంచి ఇక్కడికి నాలుగు గంటలు, మొదటి రెండు వారాలు నేను ఎక్కడుండాలి? అయిదేళ్ళ తర్వాత కూడా వచ్చి చూపించుకునేవాళ్ళు మీ దగ్గర ఎంతమంది?

చివరి ప్రశ్నకి వచ్చే జవాబు జాగ్రత్తగా వినండి. అనుభవమున్న చోట ప్రాణాపాయం వెయ్యిలో ఒకరిద్దరికి మించదు, పిత్తాశయం (గాల్ బ్లాడర్) ఆపరేషన్‌కి ఉన్నంతే. అయితే లీకు, రక్తస్రావం, కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి పోవడం, ఇవి లేవని ఎవరైనా అంటే కుర్చీలోంచి లేచి రండి. గోడ మీద ముందు-తర్వాత ఫోటోలు ఎన్నున్నాయన్నది లెక్కలోకి రాదు.

డబ్బు, పాలసీ

ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటొకటి ఉంది. డాక్టర్ల లెక్క వేరు, ఇన్సూరెన్స్ లెక్క వేరు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన మాటల ప్రకారం ఊబకాయం ఆపరేషన్‌కి పాలసీ డబ్బివ్వాలంటే డాక్టర్ సలహా ఉండాలి, 18 ఏళ్ళు నిండాలి, బీఎంఐ 40 లేదా అంతకుమించి ఉండాలి. లేదా 35 ఆపైన ఉండి, ఇతర పద్ధతులు ఫలించక, గుండె కండరం జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోవడం), అదుపులేని టైప్ 2 డయాబెటిస్‌లో ఏదో ఒకటి ఉండాలి. అంటే 5 అడుగుల 6 అంగుళాలు, 94 కిలోలు, షుగర్ ఉన్న మనిషికి బీఎంఐ 33 దాటుతుంది. సర్జన్ సరే అంటాడు, పాలసీ కాదంటుంది.

పాలసీ తీసుకున్నాక ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్ ఒక్కో పాలసీకి ఒక్కోలా ఉంటుంది, అది వేరుగా చదవాలి. మీరు ఇదివరకు చేసిన డైట్లు, వాడిన మందులు, జిమ్ రసీదులు, డాక్టర్ చీటీలు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. నిరూపణ అడుగుతారు.

ఒకాయన సంగతి చెబుతాను. 170 సెంటీమీటర్ల ఎత్తు, 102 కిలోలు, బీఎంఐ 35 పైనే. ఆపరేషన్‌కి ముందు నేనిచ్చిన డైట్ బుద్ధిగా చేసి 98కి వచ్చాడు. అడ్మిషన్ రోజు రాసిన బరువే ముందస్తు అనుమతి కాగితంలో ఎక్కింది. 34 కూడా లేదని కంపెనీ తిప్పి పంపింది. డైట్ మొదలుపెట్టే ముందే బరువు, ఎత్తు కొలిచి సర్జన్ సంతకంతో రాయించుకోమని ఆయనకి చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. మూడు వారాలు ఆ కాగితాల చుట్టూ తిరిగాం. అప్పట్నుంచీ నా గదిలోకి వచ్చినవాళ్ళని ముందు తూకం ఎక్కించి, చీటీ మీద తేదీ వేయించాకే మాట్లాడతాను.

ప్యాకేజీ రేటు అడిగేటప్పుడు అందులో లేనివి అడగండి. ప్రొటీన్ పౌడరు, విటమిన్లు, మూడు నెలలకీ ఆరు నెలలకీ ఏటా ఒకసారీ రక్తపరీక్షలు మీ జేబులోంచే. వదులైన చర్మం తీయించుకోవాలంటే అది ఇంకో ఆపరేషన్, ఇంకో ఖర్చు. చేతిలో డబ్బు లేనివాళ్ళు ప్రభుత్వ బోధనాసుపత్రుల సర్జరీ విభాగంలో ఒకసారి వాకబు చేయండి. హైదరాబాద్ ఉస్మానియాలో ఈ ఆపరేషన్లు చేసిన సందర్భాలున్నాయి.

నెల రోజుల రిహార్సల్

ఇక అసలు సంగతి. డేట్ తీసుకోకముందే ఈ నెల గడపండి. డబ్బు ఖర్చు లేదు, కోత లేదు, నచ్చకపోతే మానేయొచ్చు.

మొదటి వారం: అన్నం పళ్ళెం పక్కనపెట్టి చిన్న గిన్నె, టీస్పూను తీసుకోండి. ఒక్కో స్పూను నోట్లో పెట్టుకుని పేస్టు అయ్యేదాకా నమలండి, స్పూను కింద పెట్టండి, మళ్ళీ తీయండి. గడియారం ఎదురుగా ఉండాలి. గిన్నెడు తినడానికి 25 నిమిషాలు పట్టాలి. మొదటిరోజు పన్నెండు నిమిషాలకే అయిపోతుంది. ఫర్వాలేదు.

రెండో వారం: తిండీ నీళ్ళూ విడదీయండి. తింటున్నప్పుడు నీళ్ళు లేవు, తిన్నాక అరగంట దాకా లేవు. చారన్నం జుర్రుకుని మజ్జిగన్నంతో లేచే మనకి ఇదే అన్నిటికన్నా కష్టం. గొంతు తడారిపోయినట్టుంటుంది. నిజంగా తడారదు, అలవాటు పిలుస్తుంది అంతే. ఆపరేషన్ తర్వాత ఇలా ఎందుకంటే ఉన్న చోటే చిన్నది. ద్రవాలు కలిస్తే అన్నం త్వరగా జారిపోయి మళ్ళీ ఆకలేస్తుంది, లేదా పొంగి వాంతవుతుంది.

మూడో వారం: తినే వరుస తిరగేయండి. మనం అన్నం మధ్యలో పెట్టి కూరని నంచుకుంటాం. ఇకమీదట గుడ్డు, చికెన్, చేప, పనీర్, పప్పు ముందు. తర్వాత కూరగాయ. ఆఖరున ఖాళీ ఉంటే రెండు స్పూన్ల అన్నం. రోజుకి 60 గ్రాముల ప్రొటీన్‌కి తగ్గకూడదు. శాకాహారులు "మాకెలా వస్తుంది" అంటారు. లెక్క చూడండి: పాలు 400 మి.లీ.లో 13 గ్రాములు, 100 గ్రాముల పనీర్‌లో 18, కప్పు పెరుగులో 7, గిన్నెడు ముద్దపప్పులో 7, ఒక స్కూపు వే ప్రొటీన్‌లో (పాల విరుగుడు నుంచి తీసే పొడి) సుమారు 24. మొత్తం 69. ఆ ప్రొటీన్ పౌడర్ రుచి ఇప్పుడే చూడండి. ఆపరేషన్ అయ్యాక డబ్బా కొని, వాసన పడక, అటకెక్కించినవాళ్ళు నాకు తెలిసి చాలామంది.

నాలుగో వారం, ఒక్క ఆదివారం: దగ్గు మందు సీసాతో వచ్చే మూతలాంటి 30 మి.లీ. కప్పు సంపాదించండి. ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా పావుగంటకి ఒక కప్పు చొప్పున నీళ్ళు, పలచని మజ్జిగ, పెసరకట్టు మాత్రమే. గంటకి 120 మి.లీ. అవుతుంది. ఒక స్టీలు గ్లాసుడు ఖాళీ కావడానికి గంటన్నర పైనే. మొదటి గంట ఆటలా ఉంటుంది. రెండో గంటలో వంటింట్లో పోపు వేసిన వాసన వస్తుంది. అప్పుడు మీ మనసు ఏమంటుందో ఒక పుస్తకంలో రాయండి. (షుగర్‌కి ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవాళ్ళు ఈ ఆదివారం పని డాక్టర్‌ని అడక్కుండా చేయకండి, షుగర్ పడిపోతుంది.)

గుడివాడ వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ ఆ పుస్తకం పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. ఇరవై ఎనిమిది రోజులు, ఒక్క పూట వదలకుండా రాసింది. "నాకు అన్నం దగ్గర సమస్య లేదండీ, చూశారా, ఇదిగో" అని వేలు పెట్టి చూపించింది. స్టాఫ్ రూమ్‌లో రోజుకి నాలుగు టీలు, టీకి మూడేసి బిస్కెట్లు. మెత్తగా కరిగిపోయేవి ఏ ఆపరేషనూ ఆపదు. జారుకుంటూ వెళ్ళిపోతాయి. ఆవిడ డేట్ మూడు నెలలు వాయిదా వేసుకుని, ఆ టీలు ఒకటికి తెచ్చి, అప్పుడొచ్చింది. కొందరు ఈ నెల తర్వాత అసలు రారు. అదీ మంచి జవాబే.

ఇంట్లోవాళ్ళు

ఊరందరికీ చెప్పక్కర్లేదు, కానీ వంటచేసే మనిషికి మాత్రం చెప్పాలి. కౌన్సెలింగ్‌కి భర్తనో భార్యనో వెంటతీసుకురండి. "ఏం తింటున్నావమ్మా, పిచ్చుకలాగ, ఇంకో ముద్ద" అని వడ్డించే అత్తగారికి ముందే వివరించాలి, ఆ ఒక్క ముద్దతో వాంతులవుతాయని.

ఆడపిల్లలకి ఒక మాట. ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వద్దు. పీసీఓడీ వల్ల ఏళ్ళ తరబడి రాని నెలసరి బరువు తగ్గగానే గాడిలో పడి, అనుకోకుండా గర్భం వచ్చిన సందర్భాలున్నాయి. బైపాస్ అయితే గర్భనిరోధక మాత్రలు సరిగ్గా ఒంటబట్టకపోవచ్చు. వేరే పద్ధతి ముందే గైనకాలజిస్టుతో మాట్లాడుకోండి.

పరీక్షలు, మందులు

రక్తంలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), థైరాయిడ్, లివర్, కిడ్నీ, విటమిన్ డి, బీ12, ఐరన్, ఫోలేట్. ఈసీజీ, టూడీ ఎకో, పొట్ట స్కానింగ్, ఎండోస్కోపీ. గట్టిగా గురకపెట్టేవాళ్ళకి స్లీప్ స్టడీ. సైకాలజిస్టుతో ఒక సిట్టింగ్. అది పిచ్చి పరీక్ష కాదు, భయపడకండి. జీర్ణాశయంలో ఉండే హెచ్. పైలోరీ అనే బాక్టీరియా కనిపిస్తే మందుల కోర్సు పూర్తిచేయాలి. డి, బీ12 తక్కువుంటే ఇప్పుడే నింపుకోవాలి, తర్వాత నింపడం కష్టం.

సిగరెట్, చుట్ట, గుట్కా కనీసం ఆరువారాల ముందు ఆపాలి, మళ్ళీ మొదలెట్టకూడదు. రక్తం పలచబరిచే మాత్రలు, హార్మోన్ మాత్రలు, బరువు తగ్గే సూదులు, నాటుమందులు, హెర్బల్ పొడులు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళి అనస్థీషియా డాక్టర్ ముందు పెట్టండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ జాతి షుగర్ మాత్రలు మూడు రోజుల ముందే ఆపిస్తారు. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు, ఏదీ దాచొద్దు.

ఆఖరి రెండు వారాలు

కొవ్వు పట్టిన లివర్ ఉబ్బి జీర్ణాశయం మీద పైకప్పులా పడుకుంటుంది. దాన్ని ఎత్తితేగాని సర్జన్‌కి పని సాగదు. రెండు వారాలు పిండిపదార్థాలు తగ్గించి రోజుకి 800 నుంచి 1000 కేలరీలతో ఉంటే లివర్ మెత్తబడి కుంచించుకుపోతుంది. ప్రొటీన్ షేకు, మజ్జిగ, గుడ్డు తెల్లసొన, కూరగాయల సూపు, సొరకాయ, బీరకాయ. మూడు నాలుగు రోజులు తలనొప్పి, విసుగు. తర్వాత సర్దుకుంటుంది. షుగర్ మందుల డోసు మొదటిరోజు నుంచే తగ్గించాల్సి రావచ్చు, డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి. "ఇక తినలేను కదా" అని ముందురోజు రాత్రి దమ్ బిర్యానీ తినొచ్చినవాళ్ళని చూశాను. రెండు వారాల కష్టం ఒక్క పూటలో పోతుంది.

రోజూ నడవండి. మూడు బంతులున్న ప్లాస్టిక్ ఊపిరి పరికరం ఒకటి ముందే కొని అలవాటు చేసుకోండి. ఆపరేషన్ మర్నాడు నొప్పిలో నేర్చుకోవడం కష్టం.

సంచీలో, ఇంట్లో

ముందు బొత్తాలుండే నైటీ లేదా చొక్కా, జారని చెప్పులు, నిద్రలో ఊపిరాడటానికి సీపాప్ వాడేవాళ్ళు ఆ మిషను, పాత రిపోర్టులు. ఇంట్లో 30 మి.లీ. కప్పులు, మిక్సీ, జల్లెడ, నమిలే విటమిన్లు, కాల్షియం సిట్రేట్. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. ఆపరేషన్ రోజు సాయంత్రానికే నిలబెట్టి నడిపిస్తారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా. తర్వాత రెండు వారాలు ద్రవాలు, రెండు వారాలు మెత్తగా రుబ్బినవి, ఆపైన మెత్తని తిండి, ఆరు నుంచి ఎనిమిది వారాలకి మామూలు భోజనం, చిన్న గిన్నెలో. మూడో నెల నుంచి ఆరో నెలదాకా జుట్టు రాలుతుంది. మళ్ళీ వస్తుంది. పిత్తాశయంలో రాళ్ళు రాకుండా ఆరు నెలలు మాత్ర రాయొచ్చు, మానకండి.

ఫ్రిజ్ తలుపు మీద అంటించాల్సిన కాగితం

కూర్చున్నా నాడి నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం, జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం: ఇందులో ఏది వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఒక పిక్క వాచి నొప్పెడితే అదే రోజు. రెండు రోజులు వరసగా నీళ్ళు కూడా నిలవకపోతే, లేదా వాంతులు సాగుతూ నడక తూలితే బీ1 విటమిన్ అడుగంటుతోందని అనుమానించాలి. ఆ పరిస్థితిలో గ్లూకోజ్ సీసా ఎక్కించేముందు థయమిన్ (అదే బీ1) ఇంజెక్షన్ ఇవ్వాలి. ఊళ్ళో క్లినిక్‌కి వెళితే ఆ సంగతి వాళ్ళకి తట్టకపోవచ్చు, మీరే చెప్పాలి.

అందుకే పర్సులో ఒక కార్డు కూడా. ఆపరేషన్ పేరు, తేదీ, సర్జన్ ఫోన్ నంబరు, "నొప్పికి డైక్లోఫెనాక్ జాతి మాత్రలు ఇవ్వవద్దు", "గ్లూకోజ్‌కి ముందు థయమిన్", "సర్జన్‌ని అడగకుండా ముక్కులోంచి గొట్టం వేయవద్దు". తెలుగులో ఒకవైపు, ఇంగ్లీషులో ఒకవైపు రాయించి లామినేషన్ చేయించండి. ఇరవై రూపాయలు తీసుకుంటాడు.